ప్రభావతి లేబుల్

ఆ రోజు పొద్దున వెంకటరామయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. కోఠికి పోయి రెండు డబ్బాల హుక్కులు, నాలుగు దారపు ఉండలు తేవాలి, వచ్చి అన్నం తిని ఓ కునుకు తీయాలి. సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన ఎనిమిది నెలల నుంచి ఆయన దినచర్య దాదాపు ఇదే. భార్య ప్రభావతి మాత్రం ముప్పై ఏళ్లుగా చిక్కడపల్లి సందులో, ఇంటి ముందు గదిలోనే షాపు పెట్టుకున్న లేడీస్ టైలర్. ఆ ముప్పై ఏళ్లూ ఆయన పేరు ఆఫీసు హాజరుపట్టీలో ఉంటే, ఆవిడ పేరు చిక్కడపల్లి ఆడవాళ్ల వీపుల మీద ఉంది. కుట్టిన ప్రతి జాకెట్టుకూ మెడ వెనక, లోపలివైపు, ఎర్రగుడ్డ ముక్క మీద పసుపు దారంతో తన పేరు తానే చేత్తో కుట్టి అతికిస్తుంది.

ఆయన ఇంకా చెప్పులు వేసుకుంటుండగానే విజయశ్రీ వచ్చింది. వెనక గల్లీలో ఉంటుంది, పాత గిరాకీ. చేతిలో ఆకుపచ్చ పట్టు జాకెట్టు. కుడి చంక దగ్గర నిలువునా పిగిలిపోయి ఉంది.

"ప్రభావతక్కా, గిట్లనా కుట్టుడు? మా మరిది బిడ్డ పెండ్లిల అక్షింతలు ఏసెతందుకు చెయ్యి లేపిన. పర్రుమన్నది. పెండ్లంత కొంగు కప్పుకొని కూసున్న!"

ప్రభావతి జాకెట్టు తిరగేసి చూసింది. "ఇది నా కుట్టు కాదు విజయశ్రీ."

"నీది కాకుంటే నీ పేరెట్లున్నది?"

నిజమే, లేబుల్ ఉంది. ఎర్రగుడ్డ, పసుపు దారం, ప్రభావతి. విజయశ్రీ జాకెట్టు అక్కడే పడేసి వెళ్లిపోయాక ప్రభావతి మిషన్ ముందు కూర్చుంది కానీ తొక్కలేదు.

"ముప్పై ఏండ్ల సంది నా కుట్టు పిగిలిందని ఒక్కరు అనలే," అంది. "ఇగ సందంత అంటది."

భార్య కంట నీళ్లు చూసి తట్టుకునే మనిషి కాడు వెంకటరామయ్య. హుక్కులూ దారాలూ మరిచిపోయి నేరుగా మేడ మెట్లెక్కాడు. పైన కిరాయికి ఉండే సాగర్ న్యాయశాస్త్రం చదివినవాడు, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో గ్రూప్స్‌కు తయారవుతున్నాడు.

"ఎవరో మీ లేబుల్ కాపీ కొడుతున్నరు అంకుల్," అన్నాడు సాగర్ అంతా విని. "ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ చేయించుండ్రి. అప్పుడు ఆ పేరు ఇంకొకలు పెట్టుకుంటే కోర్టుకు గుంజొచ్చు. చెన్నైకి దరఖాస్తు పంపాలె. ఎన్నేండ్ల సంది వాడుతున్నరో రుజువు గుడ పెట్టాలె."

దరఖాస్తు అన్న మాట చెవిన పడగానే వెంకటరామయ్యకు ప్రాణం లేచి వచ్చింది. గంటలో షాపు ముందు అట్టముక్క వేలాడింది. 'ప్రభావతి లేబుల్ ఉన్న పాత జాకెట్లు కలవారు దయచేసి తెచ్చి ఇవ్వగలరు.' ఎందుకో రాయలేదు. నోటీసుల్లో కారణం రాయడం ఆయనకు ఆఫీసులో ఎవరూ నేర్పలేదు.

టైలరు పాత జాకెట్లు తెమ్మంటే ఆడవాళ్లకు తోచేది ఒకటే అర్థం. రెండు రోజుల్లో అరవై నాలుగు జాకెట్లు వచ్చి పడ్డాయి.

"అన్నా, ఇది జర రెండించులు లూజ్ చెయ్యుమనుండ్రి."

"నా పెండ్లి నాటిది. దసరాకు పట్టాలె, ఏం చేస్తరో మరి!"

ప్రభావతి ఆ గుట్ట వైపు, మొగుడి వైపు మార్చి మార్చి చూసింది. "రుజువులు తెస్తనని పని తెచ్చిండ్రు గదా," అంది.

అప్పటికే ఆయన ఇంకో ఘనకార్యం చేసి ఉన్నాడు. పెయింటర్‌ను పిలిపించి, షాపు బోర్డు మీద ప్రభావతి పేరు పక్కన గుండ్రంలో ఇంగ్లీషు ఆర్ అక్షరం రాయించాడు. మర్నాడు పొద్దున కోచింగ్‌కు పోతూ సాగర్ అది చూసి బెంబేలెత్తాడు.

"అంకుల్, ఆ గుర్తు రిజిస్టర్ అయినంకనే పెట్టాలె! ముందుగాల పెడితే నేరం. మూడేండ్ల దాకా జైలు!"

వెంకటరామయ్య చేతికందిన గుడ్డ తీసి బోర్డంతా కప్పేశాడు. అందింది నల్ల లైనింగ్ గుడ్డ. అవి తెలంగాణ ఉద్యమం రోజులు, రెండు వేల పదకొండు. బోర్డుకు నల్లగుడ్డ కనపడగానే పక్క కిరాణా దుర్గయ్య మారుమాట్లాడకుండా షట్టర్ దించాడు. ఆయన్ను చూసి జిరాక్స్ షాపు, దాన్ని చూసి మిర్చిబజ్జీల బండి. పది నిమిషాల్లో సందంతా మూతపడింది. అది చూసి, ఇవాళ బంద్ కాబోలనుకుని, వెంకటరామయ్య కూడా తన షట్టర్ సగం దించాడు.

ఆ సగం షట్టర్ కింద నుంచి వంగి లోపలికొచ్చింది నవత, విజయశ్రీ కూతురు. నారాయణగూడలో డిగ్రీ చదువుతోంది.

"అంకుల్, మమ్మీకి చెప్పకుండ్రి. ఆ పట్టు జాకెట్టు ఆంటీ కుట్టలే. కుట్టియ్యుమని మమ్మీ నాకు పట్టు గుడ్డ, కొలతకు ఆది జాకెట్టు ఇచ్చింది. ఆంటీ పది దినాలు పడుతదన్నరు. పెండ్లేమో నాలుగు దినాలల్ల ఉండె. అందుకని మా కాలేజీ పక్కన రేకుల డబ్బా షాపుల కుట్టిచ్చిన."

"దొంగ దొరికింది!" అన్నాడు వెంకటరామయ్య.

సాయంత్రం సాగర్‌ను వెంటబెట్టుకుని, టైపు చేయించిన నోటీసు జేబులో పెట్టుకుని నారాయణగూడ ఫ్లైఓవర్ పక్కకు వెళ్లాడు. ఒక రేకుల డబ్బా, ఒక మిషన్, దాని ముందు మాసమ్మ అనే నడివయసు మనిషి. ఊరి నుంచి వచ్చి నాలుగు నెలలట. ఆయన నోటీసు మొత్తం చదివేదాకా లేచి నిలబడే వింది.

"ఆది ఇచ్చి, ఎట్లున్నదో గట్లనే కుట్టుమన్నదయ్యా ఆ పిల్ల. గట్లనే కుట్టిన. తప్పయిందా?"

"మరి పేరెందుకు కుట్టినవ్?"

"పేరా! గది పేరా అయ్యా? నాకు సదువు రాదు. పువ్వుల డిజైన్ అనుకున్న. గదే శాన తిప్పలైంది, రెండు దినాలు పట్టింది."

వెంకటరామయ్య నోటీసు మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆది జాకెట్టు విజయశ్రీ ఆరేళ్ల కింద ప్రభావతి దగ్గర కుట్టించుకున్నది. ఈ ఆరేళ్లలో జాకెట్టు పెరగలేదు, విజయశ్రీ పెరిగింది. అంతకు మించిన నేరం ఎక్కడా జరగలేదు.

అయినా ఈ మాట ప్రభావతి స్వయంగా వింటే తప్ప ఆవిడ మనసు కుదుటపడదని, మాసమ్మను ఆటోలో ఎక్కించుకుని చిక్కడపల్లి తీసుకొచ్చాడు. ప్రభావతి కళ్లద్దాలు పెట్టుకుని ఆకుపచ్చ జాకెట్టు ప్రతి కుట్టూ తడిమి చూసింది. మాసమ్మ గడప దగ్గరే నిలబడింది.

"కుట్టుల తప్పు లేదు. ఆది ఎట్లుంటే అట్లనే వచ్చింది," అంది ప్రభావతి. "లోపలికి రా, కూసో."

"మీ పేరా అమ్మా గిది?" మాసమ్మ లేబుల్ మీద వేలు పెట్టింది. "రెండు దినాలు దీన్నే చూసుకుంట కుట్టిన. ఏమున్నదో మాత్రం తెల్వకపాయె."

మూడు రోజులుగా ప్రభావతి మనసులో ఉన్న కోపం ఆ మాటతో కరిగిపోయింది. ఆ మనిషి మీద జాలి కాదు, ఆప్యాయత కలిగింది. తన పేరును ఇంత శ్రద్ధగా, రెండు రోజుల పాటు, ఇంతవరకు ఎవరూ చూడలేదు. మార్కింగ్ సుద్ద తీసి కటింగ్ బల్ల మీద పెద్దగా రాసింది.

"ఇది నీ పేరు. మాసమ్మ."

మాసమ్మ దాన్ని చాలాసేపు చూసింది. "చిన్నగనే ఉన్నదే," అని నవ్వింది. తర్వాత, ఎవరూ చెప్పకముందే, మూలన ఖాళీగా ఉన్న రెండో మిషన్ ముందు కూర్చుని జాకెట్ల గుట్టలోంచి పైదాన్ని లాగింది. ఆ రోజు నుంచి ఆమె పని ఈ షాపులోనే. అరవై నాలుగూ వదులైపోవడానికి వారం పట్టింది. ఆకుపచ్చ జాకెట్టు ఎక్కడ కుట్టించిందో నవతే ధైర్యం చేసి తల్లికి చెప్పేసింది. విజయశ్రీ వచ్చి, తిట్టినదానికి రెండింతలు బతిమాలుకుని, కొత్త కొలతలు ఇచ్చి పోయింది.

ఆదివారం సాగర్ దరఖాస్తు ముందేసుకుని కూర్చున్నాడు. "అంతా అయింది అంకుల్. నమూనాకు ఒక లేబుల్ అంటించాలె. అక్షరాలు సాఫ్‌గ కనబడాలె."

పాత లేబుళ్లన్నీ ఉతికి ఉతికి వెలిసిపోయి ఉన్నాయి. ఒక్కదాని మీదా పేరు పూర్తిగా లేదు. కొత్తది కుట్టమని వెంకటరామయ్య భార్య వైపు చూశాడు.

"కొత్తదెందుకు? నాకిప్పుడు కండ్లు గంత సాఫ్‌గ ఆనుతలేవు," అంది ప్రభావతి. ఆకుపచ్చ జాకెట్టు అందుకుని, మెడ దగ్గర లేబుల్ జాగ్రత్తగా విప్పి ఇచ్చింది. "మాసమ్మ ఇప్పుడు మన షాపు మనిషేనాయె. ఇది అంటించుండ్రి."

నకిలీల నుంచి కాపాడమని వేడుకుంటూ మర్నాడు చెన్నైకి వెళ్లిన ఆ దరఖాస్తు మీద, అసలు లేబుల్ నమూనాగా, నకిలీది అంటుకుని ఉంది.