మోచెయ్యి వంగకపోతే ఏమైంది?

మనిషికి మోచెయ్యి వంగనక్కర్లేదు. నమ్మరా? అయితే యాకుత్‌పురాలో పాలు పోసే కైలాసాన్ని చూడండి. ఆరు నెలలుగా ఆయన కుడిచెయ్యి భుజం నుంచి వేళ్ల దాకా ఒకే కట్టె. అదృష్టవంతుడు!

ఈ భాగ్యం ఊరికే రాలేదు. పైపులైను కోసమని ఆయన గల్లీలో గుంత తవ్వారు. తవ్వినవాళ్లు పైపు తేవడానికి వెళ్లారు, ఇంకా తెస్తూనే ఉన్నారు. కైలాసం పాలక్యానుతో సహా అందులో పడ్డాడు. క్యానుకు సొట్టయినా పడలేదు. మోచెయ్యి విరిగింది.

పాతబస్తీలో ఎముక విరిగితే చాలామంది ముందు కట్లు కట్టే పహిల్వాన్ దగ్గరికే పోతారు. ఆ పహిల్వాన్ చెయ్యి చాపించి, గుడ్డుసొన పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టాడు. "చాలీస్ దిన్ హిలానా నక్కో భాయ్" అన్నాడు. కైలాసం మాట మీద నిలబడే మనిషి. నలభై రోజులు కదిలించలేదు. కట్టు విప్పాక చెయ్యి కూడా మాట మీదే నిలబడింది!

మోచేతి దగ్గర మూడెముకలు కలుస్తాయట. తలుపు బందులాగా ఒక్క వైపే, లోపలికే వంగుతుందట. పక్కనే ఓ నరమట, గోడకు తగిలితే జివ్వుమని షాక్ కొడుతుందట. ఎందుకండీ ఇంత హంగామా? బందు బిగుసుకుపోయినంత మాత్రాన తలుపు ఊడి పడుతుందా?

పైగా లాభాలు చూడండి. చార్మినార్ రద్దీలో కైలాసం నడుస్తుంటే ఆటోలు ఆగి దారిస్తున్నాయి. ఎన్నికలప్పుడు ఏ లీడరుకీ దండం పెట్టే పనే లేదు!

చిన్నాచితకా ఇబ్బందులు ఉంటాయి లెండి. బర్రె దగ్గర కూర్చుంటే చెయ్యి పొదుగు దాటి పోతుంది. అందుకని ఇప్పుడు పాలు పిండేదీ, క్యాను మోసేదీ భార్య బాలమ్మే. అన్నం దగ్గర ముద్ద చేతికి వస్తుంది, చెయ్యి నోటికి రాదు. ఎడమచేత్తో తినడానికి ప్రాణం ఒప్పదు. యాభై ఎనిమిదేళ్ల మనిషికి పెళ్లాం ముద్దలు పెడుతుంటే సిగ్గుతో తలుపేసుకుని తింటాడు.

తన సంగతి పోనీ, బాలమ్మ రోజూ క్యాను ఎత్తుకుని ఆ గుంత అంచునే పోతోంది. అదీ ఆయన భయం. గుంత పూడ్చమని అర్జీ రాయించుకుని, అది తవ్వించిన ఆఫీసుకెళ్లాడు. సారు బిస్కెట్టు చాయ్‌లో ముంచి నోట్లో వేసుకుంటున్నాడు. ఆహా, ఎంత చక్కగా వంగిందండీ ఆ మోచెయ్యి!

అర్జీ ఎడమచేతిలో ఉంది. సారు మాత్రం చాచి ఉన్న కుడిచేతినే చూశాడు.

"ఏంది, ఖాళీగున్నది?"

"వంగదు సారూ. మీ గుంతల పడ్డ."

"పడితే పడ్డవ్. నీ తర్వాత ఇంకెవలన్న పడ్డరా?"

"పడలే సారూ."

"మరి లొల్లేంది? ఇంకోలు పడ్డంక రా, ఫైలు కదుపుదం."

ఇంటికొచ్చి కూర్చున్నాక బాలమ్మ ముద్ద నోటికిస్తూ అడిగింది.

"ఏమన్నరు?"

"ఇంకోలు పడాల్నంట," అన్నాడు కైలాసం. "రేపటికెల్లి ఆ గల్లీల పోకు నువ్వు."

"ఇంకో తొవ్వ యాడున్నది?"

ఆ ముద్ద కైలాసానికి మింగుడు పడలేదు.

అంత బాధెందుకో! సారు అన్నదాంట్లో తప్పేముంది? ఆ ఇంట్లో వంగే మోచేతులు ఇంకా మూడున్నాయి. గుంత పూడ్చడానికి తొందరేముందండీ?