ఏసీ 128 దొరకకపోవుగాక!

పాత కారు రేడియోకు ట్రాన్సిస్టర్ దొరకకపోవడాన్ని మించిన భాగ్యం ఈ కాలంలో లేదు. నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను.

మాది శామీర్‌పేట అవతలి లాల్‌గడి మలక్‌పేట్. నాకొక పాత అంబాసిడర్ ఉంది. అందులో దానంత పాత రేడియో ఉంది. కిందటి వానాకాలంలో దాని గొంతు పడిపోయింది. అల్వాల్‌లో రేడియోలు బాగుచేసే ఫరీద్ విప్పి చూసి, ఏసీ 128 అనే ట్రాన్సిస్టర్ పోయిందన్నాడు. చింతగింజంత ఉంటుంది. రేకు టోపీ, మూడు కాళ్లు. ఇప్పుడు దాన్ని తయారుచేసేవాళ్లే లేరట. ఎంత చల్లని మాట!

అది పోకపోతే మేడ్చల్ బజారంతా నేనెప్పుడు చూసేవాణ్ని? నేనెరిగిన రేడియో దుకాణాలన్నీ మెమరీ కార్డుల్లోకి పాటలెక్కించే దుకాణాలైన సంగతి ఎలా తెలిసేది? ఒకాయన నా గోడు శ్రద్ధగా విని, ట్రాన్సిస్టర్ ఏ కంపెనీ ఫోన్‌లో వస్తుందని అడిగాడు!

నగరంలో ఒక పెద్ద దుకాణంలో మాత్రం అడగ్గానే తీసిచ్చారు. కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది. ఫరీద్ దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచాడు. పైనున్న నెంబరు దూదికొచ్చింది. కింద ఇంకో నెంబరు బయటపడింది! ఒకటి కొంటే రెండు! మన పెద్దలు ఈ దాతృత్వం ఎరుగుదురా? బిగిస్తే రేడియోలో వార్తలు కప్పలు చదివినట్టు వినబడ్డాయి. మన వార్తలకు అదే తగిన గొంతేమో.

అసలు లాభం ఇంట్లో. నేను తక్కువ మాట్లాడే మనిషిని. కారెక్కితే నా తరఫున రేడియో మాట్లాడేది. అది పోయాక, శామీర్‌పేట దాటకముందే మా ఇంటామె రుక్కమ్మ అంది:

"గా డబ్బ మాట్లాడినన్ని దినాలు నీ నోరు లేకున్న నడిసింది. ఇగ నువ్వే ఏదన్న జెప్పు."

చెరువులో నీళ్లు తగ్గాయన్నాను.

"నాగ్గూడ కండ్లున్నయి."

అక్కణ్ణుంచి అల్వాల్ దాకా మా దాంపత్యం ఎంత నిండుగా సాగిందో మాటల్లో చెప్పలేను. ఈ భాగ్యం ఇంకో నెల సాగితే కారమ్మి బస్సెక్కేవాణ్ని.

అందుకే ఫరీద్‌ను బతిమాలాను. వాళ్ల పనిలో ఒక పద్ధతి ఉంది. సామాను దొరక్కపోతే మూలనపడ్డ రేడియో ఒకటి తెమ్మంటారు. దానిలోంచి తీసి దీనికి పెడతారు. బహదూర్‌పల్లి కాలనీలో చక్రపాణి గారున్నారు. కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చి స్థిరపడ్డ మనిషి. వారి ఫియట్ రేడియో ఊరికే పడి ఉందని విని వెళ్లాను.

"ఫరీద్‌కే ఇచ్చానండీ. సామాను లేదు, లాభం లేదన్నాడు. ఇక కొత్త సెట్టు పెట్టించేశాను," అన్నారాయన. పాతదాన్ని తువ్వాలుతో తుడిచి నా చేతిలో పెట్టారు. "మా నాన్నగారు దీంట్లో క్రికెట్ వినేవారండీ. ఇందులోది మీ దాంట్లో పలికితే ఒకసారి నాకు వినిపించండి."

ఫరీద్ మూత విప్పాడు. ఏసీ 128 ఉండాల్సిన చోట మూడు ఖాళీ రంధ్రాలున్నాయి. వెంటనే మూత మళ్లీ పెట్టేశాడు.

"నేనే దీసిన అన్నా," అన్నాడు, నావైపు చూడకుండా. "రెండేండ్ల కింద నీది సుతం గిదే పోయింది, యాదికుందా? ఆయన దాంట్ల తీగె ఒకటి ఊడింది, గంతే. ఆయనేమో ఫోన్ జేస్తుండె. నువ్వు రోజొచ్చి దుకాణంల కూసుంటుంటివి. కొత్తది రాంగనే ఆయనకు పెడుదమనుకున్న. రాలే."

"మరి ఆయనకు జెప్పకపోతివి?"

"ఏం జెప్పాలె? సాబ్, మీ రేడియో గొంతు మలక్‌పేట్ పోయిందనా?"

అంటే రెండేళ్లు నేను విన్నది చక్రపాణి గారి రేడియోనే! దాన్ని కాల్చేసుకుని, ఇంకోటి ఇమ్మని మళ్లీ ఆయన ఇంటికే వెళ్లాను!

సాయంత్రం ఆయనే ఫోన్ చేసి, పలికిందా అని అడిగారు. పలకలేదన్నాను.

"నేనప్పుడే అనుకున్నానండీ. ఆ కాలపు సరుకంతా అంతే, నమ్మడానికి లేదు."

ఆ సరుకు మా గుంతల రోడ్డు మీద రెండేళ్లు ఒక్కరోజు తప్పకుండా వార్తలు చదివిందని చెప్పాలనుకున్నాను. అవునండీ అని ఫోన్ పెట్టేశాను.

తయారుచేసేవాడు మానేస్తే, ఒకరి గొంతు తీసి ఇంకొకరికి పెట్టడమే మరమ్మతు అవుతుంది. దాన్ని భాగ్యమని రాస్తే కాగితం ఒప్పుకుంటుంది గనక రాశాను. మీ అటక మీద పాత రేడియోలు ఏవైనా ఉంటే దయచేసి కబురు పెట్టండి. ఏసీ 128లు రెండు కావాలి. మొదటిది బహదూర్‌పల్లికి.