మాసిపోని ఫిల్టరు

"ఈ నెలాఖరు నుంచి రాష్ట్రంలో ఏ పౌరుడూ తన ఇష్టం లేకుండా వాసన పీల్చడు!"

ఊపిరి శాఖ మంత్రి జానకిరామయ్య గారు గవర్నర్‌పేట సభలో ఇలా ప్రకటించగానే, ఆటోనగర్‌లో ఇడ్లీ బండి నడిపే సంపూర్ణమ్మకు ఫోనులో చూస్తూనే కళ్ళు చెమర్చాయి. కొంత ఆనందంతో, మిగతాది పక్క షెడ్డు ఘాటుతో.

ఆ షెడ్డు వెంకటసుబ్బారావుది. అచ్చుల మీద స్ప్రే గన్‌తో ప్లాస్టిక్ రెజిన్ కొట్టి నాయకుల ఫైబర్ విగ్రహాలు తయారు చేయిస్తాడు. గన్ మోగిందంటే వీధి చివరిదాకా ముక్కులు మూసుకోవాల్సిందే. "పిన్నిగారూ, చట్నీలో వార్నిష్ కలిపారా?" అంటూ బేరాలన్నీ అవతలి వీధికి పోతున్నాయి. ఆమెకున్న ఆధారం ఆ బండి ఒక్కటే. అందుకే దగ్గుకుంటూ వెళ్ళి మంత్రిగారికి అర్జీ ఇచ్చుకుంది.

మంత్రిగారు మాట తప్పే రకం కాదు. చూస్తుండగానే షెడ్డులో గాజు తలుపుల స్ప్రే గది వెలిసింది. ఘాటును లాగెయ్యడానికి పెద్ద ఫ్యాను, తుంపర్లను పట్టడానికి గోడంత తెల్లటి ఫిల్టరు. గుమ్మడికాయ కొట్టారు, నిమ్మకాయలు కట్టారు, రిబ్బను కత్తిరించారు. మంత్రిగారు ఫిల్టరును ఆప్యాయంగా నిమిరారు.

"సుబ్బారావు గారూ, ఇది ప్రజల సొత్తు. మాసిపోకుండా చూసుకోండి."

వెంకటసుబ్బారావు కారు సీట్లకే కాదు, టీవీ రిమోటుకు కూడా కంపెనీ కవరు ఊడదియ్యని మనిషి. అతనికి ఇంకొకరు చెప్పాలా? ఫిల్టరు పాలిథిన్ కవరు అలాగే ఉంచి, గదికి తాళం వేయించి, గన్నూ అచ్చులూ బయటికి తెప్పించాడు. సరిగ్గా ఇడ్లీ బండి పక్కకి.

"అదేంటండీ, లోపల కదా కొట్టాల్సింది?" అంది సంపూర్ణమ్మ.

"లోపల కొడితే ఫిల్టరు మాసిపోదూ? రేపు మంత్రిగారొస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావ్?"

తనిఖీకి రాగిణి మేడం వచ్చింది. శాఖలో నిజాయితీకి ఆమె పెట్టింది పేరు. తాళం తీయించి, టార్చి వేసి, ఫిల్టరును మూలమూలలా వెతికింది.

"ఒక్క మరక లేదు! కాలుష్యం సున్నా!"

"బయట కొడుతున్నారు మేడంగారూ! చూడండి, ఊపిరాడట్లేదు!"

"బయటి గాలి మా సెక్షన్ కాదమ్మా. మాది ఫిల్టరు వరకే."

రాష్ట్రంలో అత్యుత్తమ ఫిల్టరుగా అవార్డు వచ్చింది. ఇవ్వడానికి మంత్రిగారే బయల్దేరారు. ఆ వేళకి బయట ఆయన విగ్రహానికే స్ప్రే జరుగుతోంది. చేతులు చాచి గుండెనిండా గాలి పీలుస్తున్న భంగిమ. మంత్రిగారు కారు దిగి, విగ్రహాన్ని చూసి మురిసిపోయి, తనూ అలాగే పీల్చారు. అంతే! కళ్ళు తేలేశారు. గన్‌మెన్లు గభాలున ఎత్తుకుపోయి, తాళం తీయించి స్ప్రే గదిలో పడుకోబెట్టి తలుపులు మూశారు.

రెజిన్ చుక్క ఎరగని గది కదా, మంత్రిగారు ఇట్టే తేరుకున్నారు. "ఆహా! ఏం గాలయ్యా! మా ఇంట్లో కూడా లేదు!" అని, ఆకలేసి ఇడ్లీ తెప్పించుకున్నారు.

ప్లేటు అందిస్తూ సంపూర్ణమ్మ కూడా లోపలి గాలి ఒక్కసారి పీల్చింది. ప్రాణం లేచివచ్చింది.

"బాబుగారూ, ఈ గది ఎటూ ఖాళీయే కదండీ. నా బండి ఇందులో పెట్టుకోనివ్వండి. మీ కడుపున పుడతాను."

మంత్రిగారి మనసు కరిగింది. అవార్డు ఫైలుతో వెంట వచ్చిన రాగిణి మేడం వంక చూశారు.

"ఆవిరి సార్," అంది ఆమె భయంగా. "ఫిల్టరు మాసిపోతుంది. అసలీ వీధిలో కంటికి కనపడే పొగ ఆ బండిదొక్కటే."

మంత్రిగారు బండికేసి చూశారు. నిజమే, ఇడ్లీ పాత్ర మీంచి తెల్లగా లేస్తోంది. సాయంత్రంలోగా బండి తీయించమన్నారు.

"నన్నెక్కడికి పొమ్మంటారండీ?"

"చట్నీ ఏదో వాసనేస్తోంది, చూసుకో," అని మంత్రిగారు ఖాళీ ప్లేటు ఆమె చేతికిచ్చి, గాజు తలుపు దగ్గరికి లాక్కున్నారు. "ఎక్కడికైనా వెళ్ళమ్మా. రాష్ట్రమంతా ఇలాంటి గదులే కట్టించాం."