మా పగులు క్షేమమే!

పగులు ఒక వరం! నవ్వకండి. నాకు ఉద్యోగం, హోదా, గిర్రున తిరిగే కుర్చీ ఇచ్చింది ఒక పగులే.

మా ఫ్యాక్టరీలో వేడినీళ్లను చల్లబరిచే టవర్ మీద పెద్ద ఫ్యాన్ ఉంది. దాని రెక్కలు ఇనుపవి కావు, ఫైబర్ పొరలను జిగురుతో అతికించి చేసినవి. ఇనుమైతే వంగి చెబుతుంది. ఫైబర్ అన్నీ కడుపులో దాచుకుంటుంది. పైకి నున్నగా నవ్వుతూ లోపల పొరపొరగా విడిపోతుంది!

అందుకే రెక్కను కోయకుండా, విప్పకుండా లోపలి చప్పుళ్లు వినే సెన్సర్లు అతికించారు. పగులు ఎంత పెరిగిందో స్క్రీన్ మీద కనిపిస్తుంది. ఆ స్క్రీన్ ముందు కూర్చునేది నేను.

పది మిల్లీమీటర్లు దాటితే ఎర్రదీపం వెలగాలి. వెలిగింది! మేనేజరు గారు పరుగున వచ్చారు. ఫ్యాన్ ఆపించారనుకున్నారా? ఛ! పరిమితిని ఇరవై చేయించారు. దీపం పచ్చబడింది. ఇరవై దాటితే ముప్పై. ఎంత ప్రశాంతతండీ!

అదే ఫ్యాక్టరీలో మెకానిక్కైన మా అక్కకు మాత్రం ఈ శాస్త్రం ఒంటబట్టలేదు. మొన్న నూనె మార్చడానికి ఫ్యాన్ ఆపినప్పుడు పైకెక్కి, నాణెంతో రెక్క పొడవునా తట్టింది. టంగ్, టంగ్, టంగ్... డొబ్!

దిగి నేరుగా నా గదికొచ్చింది.

"ఒరేయ్, నీ స్క్రీన్ ఏమంటోంది?"

"పచ్చగా ఉందక్కా. ముప్పై ఎనిమిది. పరిమితి నలభై."

"నిన్నటిదాకా ఎంతరా పరిమితి?"

నేను స్క్రీన్ మీద దుమ్ము తుడిచాను.

"టవర్ కింద నీళ్ల తొట్టి కడిగే నలుగురి నెత్తిన తిరుగుతోందిరా అది!" అంటూ వెళ్లి, ఫ్యాన్ మళ్లీ తిరగకుండా స్విచ్చుకు తాళం వేసి చెవి జేబులో పెట్టుకుంది.

మేనేజరు గారు మండిపడ్డారు. "పచ్చదీపం వెలుగుతుంటే ఆపడానికి నువ్వెవరమ్మా?"

"మీరు తొట్టిలోకి దిగండి సార్, తాళం తీసేస్తా."

ఆయన తొట్టిని చూశారు. తన బూట్లు చూసుకున్నారు. రెక్క దింపించమన్నారు.

క్రేన్ తాడు బిగిసిందో లేదో, రెక్క మొదలు దగ్గర పుస్తకంలా తెరుచుకుంది. అరచెయ్యి దూరేంత సందు! తొట్టి కడిగేవాళ్లలో ఒకతను టోపీ తీసి, తల తడుముకుని, మళ్లీ పెట్టుకున్నాడు. నేను ఆ సందులో అరచెయ్యి పెట్టి చూసి, గబుక్కున వెనక్కి తీసుకున్నాను. ఆ సంగతి రిపోర్టులో రాయలేదు.

ఏమాటకామాటే, పగులుది రాజయోగం! ఐదు నెలలు పెరిగినా దాన్ని ఎవరూ పల్లెత్తు మాటనలేదు. మా అక్కకు మాత్రం గంటలో మెమో వచ్చింది, అనుమతి లేకుండా ఫ్యాన్ ఆపినందుకు.

టైపు చేసింది నేనే.