తాబేలు నంబరు ప్లేటు

ఆ శనివారం ఉదయం అర్డిస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కౌంటీ సంతలో ఒక బల్ల వేసుకుని కూర్చోవాలి, మధ్యాహ్నం దాకా సంతకాలు సేకరించాలి, ఇంటికి వెళ్ళి టమాటా మొక్కలకు నీళ్ళు పెట్టాలి.

అర్డిస్ టామరాక్ ఫాల్స్ ఊరి తాబేళ్ళ రక్షణ సంఘానికి అధ్యక్షురాలు. ఏటా జూన్‌లో ఆడ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి సరస్సులోంచి బయల్దేరి రోడ్డు దాటుతాయి. చాలావాటికి ఆ దాటడం పూర్తి కాదు. రోడ్డు కింద ఒక తూము కట్టిస్తే వాటి ప్రాణాలు దక్కుతాయి గానీ, సంఘం దగ్గర అంత సొమ్ము ఎన్నడూ లేదు. అలాంటి సంఘాలు తమ బొమ్మ ఉన్న ప్రత్యేక వాహన నంబరు ప్లేటు కోసం ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చనీ, మంజూరైతే ఆ ప్లేటు బిగించుకున్నవాళ్ళు ఏటా కట్టే అదనపు రుసుము సంఘానికే వస్తుందనీ ఆమెకు ఆ వసంతంలో తెలిసింది. సంఘం నమోదు పత్రం జత చెయ్యాలి. బొమ్మ పంపాలి. ఆ ప్లేటు తీసుకుంటామని సంతకం చేసిన వాహనదారులు తగినంతమంది ఉండాలి. ఆపైన శాసనసభ కమిటీ ముందు హాజరై ఒప్పించాలి.

బొమ్మ వేసింది మెల్విన్. జీవితమంతా దుకాణాలకు బోర్డులు రాసిన పెద్దాయన. చలికాలంలో భార్య జాయిస్ పోయాక కుంచె ముట్టలేదు. అర్డిస్ అడగగా అడగగా చివరికి ఒక సాయంత్రం బొమ్మ తెచ్చి ఆమె వంటింటి బల్ల మీద పెట్టి, పక్కకు జరిగి, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

తాబేలు తలా కాళ్ళూ లోపలికి ముడుచుకుని ఉంది. గోధుమరంగు గుండ్రటి డిప్ప, దాని మీద లేత చుక్కలు. డిప్ప కింద నుంచి పసుపుపచ్చ పొట్ట అంచు కొంచెం బయటికి జారింది. చుట్టూ ఆకుపచ్చగా గడ్డి పొంగింది.

"చాలా బాగుందండీ మెల్విన్ గారూ," అంది అర్డిస్. ఆ మాటకు ముందు ఆమె ఆగింది కొద్దిసేపే.

సంతలో మొదట వచ్చింది ఒక రైతు. బొమ్మను ఇష్టంగా చూసి, ఈ బర్గర్ ప్లేటుకి సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాడు. మెల్విన్ కాఫీ కోసం వెళ్ళి ఉండడంతో అర్డిస్ అది తాబేలని గొంతు తగ్గించి చెప్పింది. ఆయన తల ఒక పక్కకు వంచి చూశాడు, రెండో పక్కకూ వంచి చూశాడు, మొహమాటంగా నవ్వి వెళ్ళిపోయాడు. తర్వాత ఒక జంట వచ్చింది. వాళ్ళూ అదే అడిగారు. ఈసారి మెల్విన్ కాఫీతో ఆమె వెనకే నిలబడి ఉన్నాడు. అర్డిస్ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, కలం వాళ్ళ వైపు జరిపింది. దరఖాస్తు మీద తాబేళ్ళ సంఘం పేరు స్పష్టంగానే ఉంది. అది చదివే ఓపిక ఎండలో ఎవరికీ లేదు.

మధ్యాహ్నానికి బల్ల ముందు బారు తయారైంది. ఎవరైనా బర్గర్ అన్నప్పుడల్లా మెల్విన్ గట్టిగా దగ్గేవాడు. ఎండదెబ్బేమోనని అర్డిస్ ఆయనకు నిమ్మరసం తెచ్చి ఇచ్చింది.

ఆ బారు చూసి గోర్డీ వచ్చాడు. ఊళ్ళో బర్గర్ల హోటలు అతనిది. బొమ్మను చూడగానే కళ్ళు చెమర్చాయి. తన తండ్రి మొదలుపెట్టిన హోటలుకు ఊరు ఇన్నాళ్ళకు గుర్తింపు ఇస్తోందనుకున్నాడు. అర్డిస్ ఏదో చెప్పబోయేలోగా ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. మర్నాటికి అతని హోటలు కిటికీలో బొమ్మ నకలు వెలిసింది. సంతకం చేసినవాళ్ళకు ఫ్రైస్ ఉచితమని దాని కింద రాశాడు.

ఇక ఆగలేదు. స్థానిక రేడియో ఈ సంగతి ప్రకటించింది. పశువుల పెంపకందార్ల సంఘం మద్దతు లేఖ పంపింది. చీజు తయారీదార్లు కూడా మద్దతిస్తూనే, పసుపు రంగు మరీ సన్నగా ఉందని, ఇంకొంచెం మందంగా వెయ్యమని కోరారు. అర్డిస్ ఆ లేఖలన్నీ పిండి డబ్బా వెనక దాచింది. మెల్విన్‌ను కారెక్కించుకున్నప్పుడు రేడియో కట్టేసేది. గోర్డీ హోటలున్న వీధి ఎలా తప్పించాలా అని ఆమె తంటాలు పడుతుంటే, ఈ మధ్య చుట్టుదారే బాగుంటోందని మెల్విన్ తనంతట తానే అనేవాడు. ఆమెకు ప్రాణం లేచి వచ్చేది.

అక్టోబరులో రాజధానిలో విచారణ. గోర్డీ కొత్త టై కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. కమిటీ అధ్యక్షురాలు కాగితాలు తిరగేసి, ఇంత మద్దతు ఏ సంఘానికీ రాలేదని మెచ్చుకుంది. తర్వాత కళ్ళజోడు తీసింది.

"నాకు ఒక్కటే సందేహం. మీది తాబేళ్ళ సంఘం కదా, బర్గర్ బొమ్మ ఎందుకు పెట్టారు? దాన్ని తాబేళ్ళతో చేస్తారా?"

గోర్డీ ముఖం పాలిపోయింది. అర్డిస్ లేచి నిలబడింది.

"అది తాబేలేనండి," అంది. ఆమె మెల్విన్ వైపు తిరిగింది. "నన్ను క్షమించండి మెల్విన్ గారూ. ఊరంతా దాన్ని బర్గరే అనుకుంది. మీతో చెప్పడానికి నాకు నోరు రాలేదు."

మెల్విన్ మెల్లిగా లేచాడు.

"నాకు తెలుసమ్మా. నేనెన్ని హోటళ్ళకి బర్గర్ బోర్డులు రాశానో నీకేం తెలుసు. రంగు ఆరకముందే కనిపెట్టా. చేతికి అలవాటైపోయింది, ఏం చెయ్యను."

"మరి చెప్పలేదేం?"

"నీకు అంతగా నచ్చిందాయె. నీ సంతోషం నేనెలా చెడగొట్టను? సంతలో వాళ్ళ మాట నీ చెవిన పడకూడదని దగ్గి దగ్గి చచ్చాను." ఆయన టోపీని చేతుల్లో ఒకసారి తిప్పాడు. "జాయిసే ఉంటేనా, దీన్ని గడప దాటనిచ్చేది కాదు."

జాయిస్ పోయాక ఆమె పేరు ఆయన నోట వినడం అర్డిస్‌కు అదే మొదటిసారి. ఆమె ముందు నవ్వింది, తర్వాత కళ్ళు తుడుచుకుంది. మెల్విన్ కూడా నవ్వాడు.

కమిటీ ప్లేటు మంజూరు చేస్తూ రెండు షరతులు పెట్టింది. తలా కాళ్ళూ కనిపించేలా బొమ్మ మళ్ళీ వెయ్యాలి. సంతకం చేసినవాళ్ళందరికీ అసలు సంగతి తెలియజెయ్యాలి. ఇష్టం లేనివాళ్ళు తప్పుకోవచ్చు. మెల్విన్ ఆ వారంలోనే కొత్త బొమ్మ వేసి, అది చాలదన్నట్టు ఇంకో మూడు తాబేళ్ళను కూడా వేశాడు. అందరూ తప్పుకుంటారని అర్డిస్ నిబ్బరం చేసుకుని కూర్చుంది. కానీ తప్పుకోవడానికి మరో దరఖాస్తు నింపాల్సి ఉండడంతో దాదాపు ఎవరూ తప్పుకోలేదు. గోర్డీ మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, "పెట్టిన ఫ్రైస్ ఎలాగూ వెనక్కి రావుగానీ, నాకూ ఒక తాబేలు ప్లేటు పంపించండి," అన్నాడు.

తర్వాతి జూన్‌లో తూము పని అప్పుడే మొదలవుతుండగా, అర్డిస్, మెల్విన్ సరస్సు రోడ్డు మీద వెళ్తూ గోర్డీ ట్రక్కు ఆగి ఉండడం చూశారు. దాని వెనక కొత్త ప్లేటు మెరుస్తోంది. గోర్డీ నడిరోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఒక పెద్ద తాబేలును పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తి, సగం దాకా వచ్చిన ఆ తల్లిని జాగ్రత్తగా తీసుకెళ్ళి, అది బయల్దేరిన ఒడ్డునే దించి వచ్చాడు.

తాబేలు కాసేపు ఆలోచించి, మళ్ళీ మొదటినుంచీ నడక మొదలుపెట్టింది.