పసుపు రాసిన కొట్టం

మనిషికి ఇల్లు కావాలో వద్దో ఆ మనిషికి తెలియదు. అది తేల్చవలసింది పంచాయతీ సమితి. అందుకే డెబ్బై ఒకటిలో, పటాన్‌చెరు దారిలో కొత్త ఫ్యాక్టరీ కూత మొదలై, పనివాళ్లు బస్సులకొద్దీ దిగి, మా ఊళ్లో అరుగులకు కూడా కిరాయి పుట్టాక, సమితి వారు గృహావసర నిర్ధారణాధికారి అనే పదవిని సృష్టించారు. (ముందుగా ఆయనకు బంగళా కట్టించారు. ఒక అవసరమైనా తీరింది.)

ఆ అధికారి వెంకటరామయ్య గారు తొలిసారి జీపు దిగింది ఐలన్న ఇంటి ముందు. ఐలన్న బర్రెల కొట్టంలో నరసరాజు కాపురం. కాకినాడ వైపు నుంచి ఫిట్టరు పనికి వచ్చినవాడు. భార్య వీరలక్ష్మికి నెలలు నిండాయి, వానలు దగ్గరపడ్డాయి, కొట్టం కప్పులోంచి ఆకాశం బాగా కనిపిస్తుంది. పురుడు వచ్చేలోపు కురవని ఇల్లొకటి కావాలి, అంతే వాళ్ల కోరిక.

"సార్, జెర సూడుండ్రి. కడుపుతోని ఉన్న ఆడమనిషి, గీ కొట్టంల ఎట్ల పంటది?" అన్నాడు ఐలన్న. (కిరాయి మాత్రం ఇంటి కిరాయే తీసుకునేవాడు.)

అధికారి చూశారు. ఆ రోజు శుక్రవారం. కొట్టానికి గడప లేకపోతే వీరలక్ష్మి ఒక దుంగ అడ్డం వేసి, దానికే పసుపు రాసి, బొట్లు పెట్టి, ముందు ముగ్గేసింది. నిబంధన ఏమో స్పష్టంగా ఉంది: పసుపు రాసిన గడప ఉన్న కట్టడం ఇల్లు.

"మీకు ఇల్లు ఉందమ్మా," అని ఆయన అభినందించారు.

"అయ్యో, అది ఉత్త దుంగండీ బాబూ! ఇప్పుడే కడిగేస్తానండి."

"శుక్రవారం పూట పసుపు కడుగుతారా? తప్పమ్మా!" (ఆయన నిష్ఠాపరుడు.)

అప్పుడు ఆయన చూపు ఎండలో గుంజకు కట్టేసి ఉన్న బర్రె మీద పడింది. కొట్టం కాస్తా ఇల్లయిపోయింది కనుక దానికి నీడ లేదు. ఊరంతటికీ గృహావసరం గల ప్రాణి అదొక్కటే అని తేలింది.

సర్కారు కదిలితే ఆగదు. వానలకు ముందే సిమెంటు గచ్చు, రేకుల కప్పు, గాలికి కిటికీలతో బర్రెకు పక్కా కొట్టం లేచింది. సమితి అధ్యక్షులు రిబ్బను కత్తిరించారు. బర్రె ఆ రిబ్బను తినేసింది.

లోపలికి మాత్రం పోలేదు. తొలి వానకే తలుగు తెంపుకుని పాత కొట్టంలో దూరింది.

"ఇగ మీరే కొత్తదాంట్ల ఉండుండ్రి తమ్మీ. దాని బుద్ధి నాకెరుక, అది రాదు," అన్నాడు ఐలన్న.

"దానికి మంజూరైందండీ. మనం ఉంటే తప్పవదూ?" అన్నాడు నరసరాజు.

"అది పొయ్యి అర్జీ వెడ్తదా ఏంది? నడువుండ్రి జల్దీ!"

ఆ వానలోనే వీరలక్ష్మి కొత్త గచ్చు మీద ఆడపిల్లను కన్నది. ఒక్క చుక్క కారలేదు. సమితి అంటే నాకు ప్రేమ పుట్టింది జీవితంలో ఆ ఒక్కరోజే.

నరసరాజు పుట్టుక నమోదు చేయించడానికి వెళ్లాడు. పుట్టిన చోటేదని అడిగారు. అబద్ధం ఆడలేని మనిషి, పశువుల కొట్టమని చెప్పాడు. గుమస్తా తలూపి రాసుకున్నాడు.

ఆ ఏడాది సమితి నివేదిక ప్రకారం మా ఊరి జనాభా పెరగలేదు. పశుసంపద ఒకటి పెరిగింది.