ఇతరులెవరు?

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు: పుట్టమ్మ, ఆమె తోడికోడలు అంబుజమ్మ, పుట్టమ్మ తమ్ముడు నంజప్ప, మనవరాలు రశ్మి. పట్టుపురుగులకు ఆకు తరుగుతూ తమ ఊరు బట్లహళ్ళిలో ఆడవాళ్ళు పాడే పాటల మీద రశ్మి ఎం.ఏ. పరిశోధన వ్యాసం రాసింది. వివరాలు చెప్పిన ముగ్గురి సంతకాలు తీసుకొని పది గంటల బస్సుకు చింతామణి వెళ్ళాలి. వ్యాసం ఇవ్వడానికి అదే ఆఖరు రోజు.

సంతకం పెట్టేముందు పుట్టమ్మ ఆధారాల పట్టిక చదివించుకుంది.

"అంబుజమ్మ, ఇతరులు. రెండువేల ఇరవై ఐదు," అని చదివింది రశ్మి.

"ఇతరులెవరే?"

"నువ్వూ, నంజప్ప తాతా. ముగ్గురుంటే మొదటి పేరు రాసి, మిగిలినోళ్ళను ఇతరులు అనల్ల అవ్వా. అది రూలు."

"రేషన్ కార్డులో ఇంటి యజమాని నేను. నీ కాగితంలో ఇతరులా?" పుట్టమ్మ పెన్ను కింద పెట్టేసింది.

రశ్మి పుట్టమ్మ పేరు ముందుకు మార్చింది. ఈసారి అంబుజమ్మ లేచింది.

"పాడింది నేను. అక్క పక్కన దగ్గుతాండె, అంతే!"

నంజప్ప గొంతు సవరించుకున్నాడు. "నా పేరు ముందు పెట్టమ్మా, జగడముండదు."

"నువ్వేం పాడితివి?" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"వింటాంటిని గదా."

బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. రశ్మికి ఏడుపొచ్చింది. పాట తనదేనని చూపడానికి అంబుజమ్మ పాడటం మొదలుపెట్టింది. రెండో చరణంలో పుట్టమ్మ ఆపింది.

"మనకు పాట నేర్పిన అత్త ఆ మాట అట్ల పలకలేదు."

పురుగులు ఆకు మేస్తుంటే వాన పడుతున్నట్టుండే ఆ పాత పాక ఇద్దరికీ గుర్తొచ్చింది.

"తప్పు పాడితే ఆకు కాడతో మోకాలి మీద కొడతాండె," అంది పుట్టమ్మ.

"నీకు ఒక మోకాలే. నాకు రెండూ. ఆమె పోయి ముప్పై ఏండ్లాయె, ఇప్పటికీ తప్పు పాడాలంటే భయం."

పుట్టమ్మ పెన్ను తీసుకుంది. "అత్త పేరు రాయే. లక్ష్మమ్మ. మేమంతా ఇతరులే."

"ఆమె ముందర ఇంకెవరుండారు?" అంటూ అంబుజమ్మ కూడా సంతకం పెట్టింది. నంజప్ప రెండుచోట్ల పెట్టాడు.

తర్వాతి బస్సు పట్టుకొని రశ్మి చింతామణి కాలేజీ చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. ఆఫీసు గుమస్తా నరసింహయ్య కాగితం తిప్పి తిప్పి చూశాడు.

"ఇతరుల సహీలన్నీ ఉండాయి. అసలు లక్ష్మమ్మది యాడ?"

"సార్, ఆమె... ఇప్పుడు..."

"ఊర్లో లేదా? పర్వాలేదమ్మా. ఐదు దాకా ఉంటాను, పిలుచుకొని రా," అని నరసింహయ్య తలుపు మూసేశాడు.